పద్నాలుగో నంబరు

ఇరవై ఒక్కేళ్ళపాటు ఆయన ఒట్టి సారు. ఆ కాలేజీ బాస్కెట్‌బాల్ కోర్టులో ‘సార్’ అని ఎవరు పిలిచినా తల తిప్పాల్సింది ఆయనొక్కడే. పోయిన ఏడాది అసిస్టెంటు కోచ్‌గా ఓ కుర్రాడు వచ్చి చేరాడు. అమ్మాయిలు అతన్ని చిన్నసార్ అన్నారు. దాంతో ఎవరూ అడక్కుండానే ఈయన పెద్దసారైపోయాడు. ముందు ‘పెద్ద’ చేరితే మనిషి పెరగాలి కదా? ఈయన మాత్రం ఆ రోజు నుంచీ సగమయ్యాడు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. అంటే నలుగురూ నవ్విపోరూ!

గురువారం సాయంత్రం ప్రాక్టీసులో మరీ ఒళ్ళు మండే పని జరిగింది. జట్టులో పదిహేనో నంబరు అమ్మాయి అందరికన్నా పొడుగు, ఎవరూ అడ్డు రాకుండా నిలబడి వేసే ఫ్రీత్రోలో మాత్రం అందరికన్నా అధ్వాన్నం. రెండేళ్ళుగా పెద్దసారు ఆ పిల్ల పక్కన నిలబడి “మోచెయ్యి లోపలికి, మోచెయ్యి లోపలికి” అని గొంతు చించుకుంటూనే ఉన్నాడు. బంతి రింగు అంచుకి తగిలి బయటికే వస్తూ ఉంది. ఆ సాయంత్రం చిన్నసారు ఆ పిల్ల దగ్గరికెళ్ళి, మోచేతి ఊసే ఎత్తకుండా నేలమీద గొంతుక్కూర్చుని, ఆమె కుడి బూటు మడమ పట్టుకుని రెండంగుళాలు ముందుకు జరిపాడు. అంతే.

“ఇప్పుడు వెయ్యి” అన్నాడు.

బంతి వలలోంచి జారిపడింది. మళ్ళీ వేసింది, మళ్ళీ పడింది. వరసగా ఏడు పడ్డాయి. అమ్మాయిలు కేకలు పెట్టి పొడుగుపిల్లని వాటేసుకున్నారు. పెద్దసారు కూడా చప్పట్లు కొట్టాడు, అరచేతులు సరిగ్గా కలవకుండా రెండుసార్లు. తర్వాత ఈల నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదాడు.

“చాలు సంబరం! లైను పరుగులు, పది.”

ఏం తప్పు చేశారని పది పరుగులు? అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఆ అడక్కపోవడమే ఇన్నేళ్ళూ ఆయన గొప్ప. కానీ ఆ రోజు అమ్మాయిలందరూ ఒక్క క్షణం చిన్నసారు వంక చూశారు. అతను తలాడించాకే కాళ్ళు కదిలించారు. ఆ ఒక్క క్షణం పెద్దసారు కంటబడింది, పడి అక్కడే గుచ్చుకుంది.

ఇంకో ముల్లు అప్పటికే నోటీసు బోర్డు మీద ఉంది. వచ్చే ఏడాది నుంచి అమ్మాయిల జట్టుకి ఒక్క కోచే ఉంటాడనీ, ఎవరన్నది ఈ టోర్నమెంటు అయ్యాక తేలుస్తామనీ ప్రిన్సిపాల్ రాయించి పెట్టాడు. దాని కింద ఇంకో చిన్న కాగితం. మ్యాచికి ముందు ఇచ్చే ఆటగాళ్ళ జాబితా ఇకమీదట టైపు చేసే ఇవ్వాలట, ఆ పని చిన్నసారు చూస్తాడట. ఇరవై రెండేళ్ళు నీలం సిరాతో తన చేత్తో రాసిన జాబితా అది. ఆయనకి మిగిలింది అడుగున సంతకం పెట్టడం.

ఇంటికొచ్చేసరికి భార్య డ్యూటీ దిగి వచ్చి, కుర్చీలో కాళ్ళు బారజాపుకుని కూర్చుని ఉంది. ఆవిడది రైలు టికెట్ల కౌంటర్లో ఉద్యోగం. పొద్దుగూకులూ జనం సణుగుడు విని విని, ఎవరి మొహంలో ఏముందో కిటికీలోంచే చదివేయడం అలవాటైపోయింది.

“ఏమయింది?” అంది.

“ఏం కాలేదు.”

“ఏం కాకపోతే సంచీ అలా విసిరేశారే?”

ఆయన టీ పెట్టుకోవడానికి వంటింట్లోకి వెళ్ళాడు. అక్కణ్ణుంచే అన్నాడు: “బూటు జరిపాడట బూటు! అదేమన్నా ఫ్రీత్రో నేర్పే విద్యా? రెండేళ్ళు నేను దున్నిపెడితే, వీడొచ్చి కోసుకుపోయాడు.”

“బంతులు పడ్డాయా, లేదా?”

“పడ్డాయి.”

“మరింకేం? మీ జట్టేగా!”

“నీకర్థం కాదులే.”

“అర్థం కాకేం, శుభ్రంగా అర్థమైంది. కుళ్ళండీ మీకు. ఒట్టి కుళ్ళు.”

పెద్దసారు టీ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. “నాకా? వాడి మీదా? వాడికి బంతి పట్టుకోవడం నేర్పిందే నేను!”

“అందుకే మరీ మండుతోంది. బయటివాడెవడో అయితే ఈపాటికి తిట్టేసి ఊరుకునేవారు.” ఆవిడ నవ్వి, కాళ్ళు ముడుచుకుని ఆయనకి చోటిచ్చింది. “ఆ కుర్రాడికి ఈ ఉద్యోగం ఇప్పించమని ప్రిన్సిపాల్ గది ముందు మూడు రోజులు పడిగాపులు కాసిందెవరో!”

టీ చల్లారేదాకా గ్లాసు పట్టుకునే కూర్చున్నాడు.

శుక్రవారం ప్రాక్టీసు అయిపోయి అందరూ వెళ్ళాక, పద్నాలుగో నంబరు అమ్మాయి బంతుల గదికి వచ్చింది. జట్టులో ఆమెని అందరూ గడియారం అంటారు. ఎందుకంటే ఆడేవాళ్ళు బంతి పట్టిన ఇరవై నాలుగు సెకన్లలో రింగుకి వెయ్యాలి. ఈ పిల్ల బెంచీ మీద కూర్చుని ఆఖరి సెకన్లు పైకి లెక్కపెడుతుంది. బోర్డు మీద మెరిసే అంకెలు చూడాల్సిన పనే ఉండదు జట్టుకి, ఆమె గొంతు చాలు. మూడేళ్ళుగా చేస్తున్న పని అదీ, నీళ్ళ సీసాలు అందించడమూ. కోర్టులోకి దిగింది మాత్రం ఒక్కసారీ లేదు. పొట్టి, కాస్త నెమ్మది, ఏం చేస్తాం. ఇది ఆమెకి ఆఖరి ఏడాది.

పెద్దసారు బంతుల్లో గాలి చూస్తున్నాడు. ఒక్కోదాన్నీ భుజమెత్తు నుంచి వదిలి, నడుం దాకా లేస్తోందో లేదో చూసి పక్కన పెడుతున్నాడు. ఆ పిల్ల అడక్కుండానే కూర్చుని, చూసినవాటిని అరల్లో సర్దడం మొదలెట్టింది.

“సార్, ఆదివారం మా నాన్న వస్తున్నారు.”

“మంచిదే.”

“ఓడరేవులో క్రేన్ పని సార్ ఆయనకి. ఆదివారం సెలవు దొరకడం ఇదే మొదటిసారి. నేను ఆడుతుంటే ఎప్పుడూ చూడలేదు.” ఒక బంతిని రెండుసార్లు తిప్పి పెట్టింది. “ఆడుతుంటే అంటే... మీకు తెలుసుగా. మన జట్టు బాగా ముందుంటే, చివర్లో ఒక్క నిమిషం...”

ఆయన మనసు కరిగింది. ‘తప్పకుండా’ అనబోయాడు. నోటి చివరిదాకా వచ్చింది ఆ మాట.

“చిన్నసార్‌ని అడిగితే మిమ్మల్ని అడగమన్నారు” అంది ఆ పిల్ల.

ముందు వాణ్ణి అడిగిందన్నమాట! నోటిదాకా వచ్చింది కాస్తా వెనక్కి పోయింది. చేతిలో బంతిని వదిలితే అది నడుం దాకా లేచింది, అయినా ఆయన దాన్ని మళ్ళీ వదిలాడు.

“చూద్దాం” అన్నాడు.

“సరే సార్” అంది ఆ పిల్ల. చూద్దాం అన్నా కూడా సంతోషంగానే వెళ్ళింది.

ఆదివారం సెమీఫైనల్. నాలుగ్గంటలకి ఆట. హాలు సగం నిండింది. గడియారం వాళ్ళ నాన్న మూడో వరసలో, పనికి వేసుకునే మందపాటి కోటుతోనే కూర్చున్నాడు. అంత లావు మనిషి ఆ ఇరుకు కుర్చీలో ఒదిగి, ఫోను రెండు చేతుల్తో పట్టుకుని, ఇంకా మొదలవని ఆటని ఫోటోలు తీస్తున్నాడు.

ఆట మొదలవడానికి పది నిమిషాల ముందు కోచ్ స్కోరు బల్ల దగ్గరికి వెళ్ళి, జాబితాలో నంబర్లు సరిచూసి, మొదట దిగే ఐదుగురి పక్కన గుర్తులు పెట్టి, సంతకం చెయ్యాలి. ఆట మొదలయ్యాక ఆ కాగితం మీద లేని మనిషి దేవుడొచ్చి చెప్పినా కోర్టులోకి దిగడానికి వీల్లేదు. స్కోరు రాసే ఆవిడ కళ్ళజోడు ముక్కు చివరికి దించి, కాగితం పెద్దసారు ముందుకి తోసింది. ఆయన తన అలవాటు ప్రకారం పెన్ను కొనతో ఒక్కో పేరునీ తడుతూ కిందికి వచ్చాడు. తన జట్టు నంబర్లు నాలుగు నుంచి పదిహేను దాకా, పన్నెండు మంది.

పెన్ను పదకొండుసార్లే తట్టింది.

మళ్ళీ పైనుంచి వచ్చాడు. పదమూడు తర్వాత పదిహేను ఉంది.

ఏం జరిగిందో ఆయనకి వెంటనే తెలిసిపోయింది. పోయిన వారం గడియారానికి వేలు బెణికి కట్టుకట్టుకుంది, అందుకని ఆ మ్యాచికి పదకొండు మందినే ఇచ్చారు. చిన్నసారు ఆ పాత జాబితానే తెరిచి తేదీ మార్చి పెట్టేశాడు. చేత్తో రాసేవాడైతే ఈ తప్పు జరగదు. చేత్తో రాస్తే ప్రతి పేరు దగ్గరా ఆ పిల్ల మొహం కళ్ళముందుకొస్తుంది. ‘టైపు చేస్తాడట టైపు’ అనుకున్నాడు. కడుపులో ఎక్కడో చల్లగా ఉంది. ఆ చల్లదనానికి ఆయనకే కొంచెం భయం వేసింది.

ఒక్క మాట అంటే చాలు. ‘అమ్మా, ఇంకో పేరుంది, రాసుకోండి’ అంటే ఆవిడ రాసేసుకుంటుంది. పది నిమిషాల టైముంది. అటు చూస్తే, చిన్నసారు కోర్టు మధ్యలో అమ్మాయిల్ని గుండ్రంగా నిలబెట్టి ఏదో చెబుతున్నాడు. వాళ్ళు పగలబడి నవ్వుతున్నారు. తను చెప్పినప్పుడు ఏనాడైనా నవ్వారా?

తప్పు వాడిది, పడేది వాడే పడతాడు అనుకున్నాడు. అయినా ఆ పిల్ల దిగేది ఉందా, పెట్టేది ఉందా? అవతలి జట్టుతో మనవాళ్ళు నాలుగు పాయింట్ల తేడాతో నెగ్గితే గొప్ప. ఇలా తనకి తాను సర్దిచెప్పుకుని, ఐదుగురి పక్కన గుర్తులు పెట్టి, అడుగున సంతకం గీకాడు. వెనక్కి తిరిగితే గడియారం రెండు చేతుల్లో నీళ్ళ సీసాలతో నిలబడి ఉంది.

“తప్పుకోమ్మా” అన్నాడు. ఆ పిల్ల తప్పుకుంది.

ఆ రోజు జట్టు ఆడిన ఆట ఆ కాలేజీలో ఎవరూ చూసి ఎరగరు. పొడుగుపిల్ల ఫ్రీత్రోకి నిలబడిన ప్రతిసారీ కుడికాలు రెండంగుళాలు ముందుకు జరిపింది, తొమ్మిదికి ఎనిమిది వేసింది. బెంచీ మీంచి గడియారం “ఐదు, నాలుగు, మూడు” అంటూ గొంతు పోయేలా లెక్కపెట్టింది. రెండు నిమిషాలు మిగిలేసరికి ఇరవై ఒక్క పాయింట్లు ముందున్నారు.

చిన్నసారు బెంచీ చివర నుంచి వంగి, మొహమంతా నవ్వుతో అన్నాడు: “సార్, గడియారాన్ని పంపిద్దామా?”

పెద్దసారు ఏమైనా అనేలోగా ఆ మాట బెంచీ అంతా పాకింది. “గడియారం! గడియారం!” అని అమ్మాయిలు మొదలెట్టారు, హాలు అందుకుంది. ఆ పిల్ల పైచొక్కా విప్పబోతే అది తలకి చిక్కుకుంది. ఇద్దరు లాగితే వచ్చింది. జుట్టంతా రేగిపోయి, పద్నాలుగో నంబరుతో స్కోరు బల్ల దగ్గరికి పరిగెత్తింది. మూడో వరసలో కోటు మనిషి లేచి నిలబడి ఫోను పైకెత్తాడు.

‘ఆపు, వెళ్ళొద్దు’ అనడానికైనా ఆయన లేవలేదు. లేచినట్టే అనిపించింది గానీ కుర్చీలోనే ఉన్నాడు.

స్కోరు రాసే ఆవిడ కాగితం మీద వేలు పెట్టి కిందికి వచ్చింది. మళ్ళీ పైకి వెళ్ళింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. “పద్నాలుగు లేదే తల్లీ” అంది. పాపం, ఆవిడ గొంతులోనూ బాధ ఉంది. రిఫరీ వచ్చి చూసి తల అడ్డంగా ఊపాడు. హాల్లో అరుపులు ఒక్కో మూలా ఆగిపోయాయి. ఆ పిల్ల ఒక నిమిషం బల్ల దగ్గరే నిలబడి, వెనక్కి నడిచొచ్చి బెంచీ మీద తన చోట్లో కూర్చుంది. పైచొక్కా ఒళ్ళో పెట్టుకుని మడతపెట్టింది. పైన ఆమె నాన్న ఎత్తిన ఫోను ఇంకా అలాగే పట్టుకుని ఉన్నాడు. చాలాసేపటికి దించాడు.

చిన్నసారు మొహంలో నెత్తురుచుక్క లేదు. పెద్దసారు కోరుకున్నది ఇదే, నలుగురి ముందూ, పట్టపగలు. అది తీరా జరిగాక చూడలేక స్కోరు బోర్డు వంక చూస్తూ కూర్చున్నాడు.

ఆటయ్యాక చిన్నసారు తిన్నగా ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి నేలమీద గొంతుక్కూర్చున్నాడు. “నా తప్పమ్మా. పాత లిస్టు పెట్టాను. నన్ను ఎన్ని తిట్టినా పడతాను” అన్నాడు. మెట్లెక్కి ఆమె నాన్న దగ్గరికి కూడా వెళ్ళాడు. ఆ మనిషి ఏదో అని, ఇతని భుజం తట్టాడు. చివరికి చిన్నసారు వచ్చి పెద్దసారు ముందు నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“సార్, మీ పరువు కూడా తీశాను. నన్ను నమ్మి, చూడకుండా సంతకం పెట్టారు మీరు.”

పెద్దసారు “పోనీలేరా” అన్నాడు. ఆ మాట ఎలా వచ్చిందో ఆయనకే తెలీదు.

సోమవారం ఉదయం బంతుల గది తలుపు తీసేసరికి గడియారం అక్కడే ఉంది. ఆదివారం తడిసిన జెర్సీలు ఉతికి ఆరేసినవి మడతపెడుతోంది.

“మీ నాన్న వెళ్ళిపోయారా?”

“రాత్రి బండికే వెళ్ళారు సార్. బుధవారం ఫైనల్‌కి రమ్మన్నాను గానీ సెలవు లేదట.” జెర్సీ అంచులు లోపలికి మడిచింది. “సార్, ఒకటి అడగనా? నిన్న మీరు బల్ల దగ్గర పెన్నుతో తడుతుంటే వెనకాల నేనున్నా. నాకు లెక్కపెట్టే జబ్బు కదా, లెక్కపెట్టాను. పదకొండు. మీరు మళ్ళీ మొదట్నుంచి తట్టారు. మళ్ళీ పదకొండు. నా లెక్కే తప్పిందేమో అనుకున్నాను.”

పెద్దసారు తాళాల గుత్తి మేకుకి తగిలించాడు.

“తప్పలేదు” అన్నాడు.

ఆ పిల్ల తలెత్తి చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాడు, తిడితే బాగుండుననుకున్నాడు. ఆమె మాత్రం పద్నాలుగో నంబరు జెర్సీని అన్నిటి కిందా పెట్టి లేచింది.

“నేను చిన్నసార్‌కి ఏం చెప్పలేదు లెండి” అని వెళ్ళిపోయింది.

పదకొండింటికి ప్రిన్సిపాల్ నుంచి పిలుపొచ్చింది. గది బయట బెంచీ మీద చిన్నసారు తల దించుకుని కూర్చున్నాడు. లోపల బల్ల మీద అతను రాసిచ్చిన క్షమాపణ కాగితం ఉంది.

“కూర్చోండి. కుర్రాడు చురుకైనవాడేగానీ నిదానం లేదండీ” అన్నాడు ప్రిన్సిపాల్. “నిన్న ఎంత అప్రతిష్ఠ! నా మనసులో ఇన్నాళ్ళూ అటూఇటూగా ఉండేది. నిన్నటితో తేలిపోయింది. వచ్చే ఏడాది మీరే ఉంటారు. జాబితా కూడా మళ్ళీ మీ చేత్తోనే రాయండి.”

ఏడాదిగా ఆయన ఏ మాట కోసం పడి చస్తున్నాడో, అచ్చం ఆ మాటే. పెద్దసారు బల్ల మీది కాగితం వైపు చూశాడు. అందులో ‘నా తప్పు’ అన్నది మూడుసార్లు ఉంది. తన పేరు ఒక్కచోట కూడా లేదు.

“నేను చూశానండీ” అన్నాడు.

“ఏం చూశారు?”

“పేరు లేదని. ఆటకి పది నిమిషాల ముందే. రెండుసార్లు లెక్కపెట్టి, తెలిసే సంతకం పెట్టాను. వాడిది పొరపాటు. నాది పొరపాటు కాదు.”

ప్రిన్సిపాల్ కుర్చీలో వెనక్కి వాలాడు. “ఇదంతా నాకెందుకు చెబుతున్నారండీ ఇప్పుడు?”

“మీరు తేల్చింది మళ్ళీ తేలుస్తారని” అని లేచి బయటికి వచ్చాడు.

బెంచీ మీద చిన్నసారు లేచి నిలబడ్డాడు. లోపలి మాటలు తలుపు సందులోంచి వినబడ్డట్టే ఉన్నాయి. అయినా పెద్దసారు మళ్ళీ మొదట్నుంచి, ఒక్క ముక్క మింగకుండా చెప్పాడు. చిన్నసారు అంతా విన్నాడు.

“ఎందుకు సార్?” అన్నాడు.

వయసు, పని ఒత్తిడి, టైపు కాగితం, చెప్పడానికి ఎన్ని లేవు!

“కుళ్ళురా” అన్నాడు పెద్దసారు. “నువ్వు బూటు జరిపితే ఏడు పడ్డాయి. ఆడనివ్వమని గడియారం ముందుగా నిన్ను అడిగింది. అంతే. కుళ్ళు.”

చిన్నసారు ఫర్వాలేదు సార్ అనలేదు. ఆయన మొహంలోకి కాసేపు చూసి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మంగళవారం ప్రాక్టీసులో పని మాట తప్ప ఇంకో మాట లేదు. ఇంట్లో భార్యకి అంతా చెబితే, ఆవిడ కూడా ఆటపట్టించలేదు. “అన్నం పెట్టనా?” అని మాత్రం అడిగింది.

బుధవారం ఫైనల్. ఆటకి పది నిమిషాల ముందు పెద్దసారు స్కోరు బల్ల దగ్గరికి వెళ్ళాడు. వెనకాలే చిన్నసారు వచ్చి పక్కన నిలబడ్డాడు. అలా ఎప్పుడూ రాలేదు.

“పైకి చదవండి సార్” అన్నాడు. గొంతులో కోపం లేదు, చనువూ లేదు. “ఒక్కొక్కటే.”

స్కోరు రాసే ఆవిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఇరవై రెండేళ్ళ సర్వీసున్న మనిషి, చిన్న తరగతి పిల్లాడిలా నిలబడి, పెన్ను కొనతో తడుతూ పైకి చదివాడు. “నాలుగు. ఐదు. ఆరు.” పదమూడు దగ్గర పెన్ను ఆగి, కిందికి జరిగింది.

“పద్నాలుగు.”

“ఉన్నాను సార్” అంది వెనకనుంచి గడియారం, చేతుల్లో నీళ్ళ సీసాలతో.

“పదిహేను” అని ముగించి, మొదట దిగే ఐదుగురికి గుర్తులు పెట్టడం మొదలెట్టాడు. నాలుగు పెట్టి ఆగాడు. ఐదో గుర్తు ఎప్పుడూ పొడుగుపిల్లది. పెన్ను పదిహేను దగ్గరికి వెళ్ళి, ఒక వరస పైకి జరిగి, అక్కడ గుర్తు పెట్టింది. ఆయన కళ్ళు ఒక్కసారి మూడో వరసకి వెళ్ళాయి. ఆ కుర్చీలో ఎవరో చదువుకునే పిల్లాడు కూర్చుని ఉన్నాడు.

వెనకాల నేలమీద ఒక సీసా పడి దొర్లింది.

స్కోరు రాసే ఆవిడ గుర్తులు చూసి కళ్ళజోడు సర్దుకుంది. “ఇదేంటండీ, పద్నాలుగుకి పెట్టారు? పదిహేనుకి పెట్టబోయి పెట్టారేమో, సరిగ్గా చూసుకోండి” అంది.

పెద్దసారు నోరు తెరిచేలోగా పక్కనుంచి జవాబు వచ్చింది.

“లేదమ్మా” అన్నాడు చిన్నసారు. “సార్ చూసే పెట్టారు.”